ఆయా, డేకేర్, ప్రీస్కూల్: మాటలు రాని వయసులో ఏది మేలు?

ప్రసూతి సెలవు పూర్తికావస్తున్న తల్లులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: బిడ్డను ఇంట్లో ఆయాకు అప్పగించాలా, డేకేర్‌లో చేర్చాలా, లేక ప్రీస్కూల్‌కు పంపాలా? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ నాటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు లభిస్తున్నందువల్ల, సాధారణంగా బిడ్డకు ఆరు నెలలు నిండేలోపే ఈ నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో అద్దెకుంటున్న మేము మా పాపకు ఏడాది నిండేవరకు ఆయాను పెట్టుకుని, ఆ తర్వాత డేకేర్‌కు మారాము.

ప్రీస్కూల్ సంగతి ముందే తేల్చేయవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం బడిచదువును మూడేళ్ల వయసు నుంచే లెక్కిస్తుంది. పైగా చాలా ప్రీస్కూళ్లు నడిచేది పొద్దున మూడు, నాలుగు గంటలే కనుక, ఉద్యోగం చేసే తల్లికి మిగిలిన రోజంతా మరొకరి సాయం తప్పదు. అంగన్‌వాడీలో ఆటపాటల చదువు కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకే.

ఆయా వల్ల కలిగే మేలు చిన్నదేమీ కాదు. బిడ్డ తన ఉయ్యాలలోనే నిద్రపోతుంది, ఉగ్గు మన వంటింట్లోనే ఉడుకుతుంది, పదిమంది పిల్లల జలుబు అంటుకోదు. కానీ మాటలు రాని బిడ్డ పగలంతా ఏం జరిగిందో సాయంత్రం మనకు చెప్పలేదు. అందుకే బిడ్డను చూసుకునే మనిషి పక్కన మరో పెద్దవారు ఉన్నారా అన్నదే అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్ముతాను. ఒక మధ్యాహ్నం నేను ముందుగా ఇంటికి వచ్చేసరికి ఆయా గోడకు చేరగిలబడి నిద్రపోతోంది, పాప ఫోన్ తెర వైపు కన్నార్పకుండా చూస్తోంది. ఆమె ప్రేమగల మనిషే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా చంటిబిడ్డతో ఒంటరిగా గడుపుతూ, అన్నం తినే పావుగంటకైనా బిడ్డను అందుకునేవారు లేని మనిషి అలసిపోక ఏం చేస్తుంది? గదిలో కెమెరా ఉంది గానీ, ఆ సమయంలో మేమిద్దరం ఆఫీసు పనిలో ఉన్నాము.

డేకేర్‌లో ఒకరు అలసిపోతే మరొకరు ఎత్తుకుంటారు, ఒకరి విసుగును మరొకరు గమనిస్తారు. అయితే రంగురంగుల గోడలను చూసి చేర్చకండి. చంటిపిల్లల గదిలో ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలున్నారో, ఆ ఆయాలు అక్కడ ఏడాదికి మించి పనిచేస్తున్నారో లేదో, చెప్పకుండా వచ్చినా తల్లిదండ్రులను లోపలికి రానిస్తారో లేదో అడగండి. మూడో ప్రశ్నకు తడబడిన చోటు నుంచి మేము వెంటనే వెనక్కి వచ్చేశాము. మీ సంస్థలో 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చట్టం చెబుతోంది. ఈ హక్కు గురించి తెలియని తల్లులు నాకు చాలామంది తారసపడ్డారు. ఇంటికి దగ్గరి డేకేర్ కంటే ఆఫీసుకు దగ్గరిదే మేలని నేను చెప్పడానికి కారణం కూడా పని మధ్యలో వెళ్లి బిడ్డను చూసుకునే ఈ వీలే.

జబ్బుల బాధ మాత్రం నిజం. చేర్చిన మొదటి మూడు నెలలు మా పాపకు జలుబు తగ్గడం, మళ్లీ రావడంతోనే సరిపోయింది, నా సెలవులన్నీ అప్పుడే కరిగిపోయాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, తరచూ ఆయాసం వచ్చే బిడ్డయినా డాక్టరును అడిగి, ఇంకొంతకాలం ఇంట్లోనే ఉంచడం మంచిది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉండి, ఎత్తుకుని తిప్పడానికి ఆయా తోడుంటే అంతకు మించిన ఏర్పాటు లేదు. ఆ అదృష్టం మాకు లేకపోయింది.

వచ్చే జూన్‌కు మా పాపకు మూడేళ్లు నిండుతాయి. డేకేర్ ఉన్న ఆవరణలోనే నడిచే ప్రీస్కూల్‌లో చేర్చాలనుకుంటున్నాము. పన్నెండున్నరకు తరగతి అయిపోగానే, డేకేర్‌లో ఇన్నాళ్లూ అన్నం తినిపించిన ఆయా దగ్గరికే పాప తిరిగి వెళుతుంది.