యజమానిని ఏమీ అడగకుండానే ఇల్లు అమ్మకానికి పెట్టే ఏజెంట్లతో జాగ్రత్త

ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్న వారందరికీ ఈ విషయం తెలియాలన్న ఉద్దేశంతో రాస్తున్నాను. ఇటీవల మేము ఒక ఏజెంటు చూపించిన ఇల్లు నచ్చి, అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్న తర్వాత, అమ్ముతున్న వ్యక్తికి ఆ ఇంట్లో సగం వాటా మాత్రమే ఉందనీ, మిగతా సగం ఆయన చెల్లెలిదనీ, ఆమెకు అమ్మకం సంగతే తెలియదనీ బయటపడింది. అమ్మకందారు కావాలని దాచారని కూడా నేను అనలేను. “చెల్లెలు ఒప్పుకుంటుందనుకున్నానండీ, ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణే” అన్నారాయన. ఏజెంటును నిలదీస్తే, “ఓనరు అమ్ముతానన్నారు, నేను ఫొటోలు తీసి ప్రకటన ఇచ్చాను, కాగితాలు చూసుకోవలసింది మీ లాయరు కదా” అని చేతులు దులుపుకున్నారు.

లాయరు చూడవలసింది లాయరు తప్పక చూస్తారు. కానీ ఆయన చేతికి కాగితాలు వెళ్లేసరికే చాలా సందర్భాల్లో అడ్వాన్సు చేతులు మారిపోయి ఉంటుంది, బ్యాంకు లోనుకు దరఖాస్తు వెళ్లిపోయి ఉంటుంది, ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేసి ఉంటాం. ప్రకటన ఇవ్వడానికి ముందే ఏజెంటు యజమానిని కూర్చోబెట్టి, “ఈ ఇల్లు మీకెలా వచ్చింది?” అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, తండ్రి నుంచి వచ్చిందన్న జవాబు, దాని వెనకే మిగతా వారసులెవరన్న ప్రశ్న వాటంతట అవే వచ్చేవి. వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే వాటాదారులందరూ సంతకానికి సిద్ధంగా ఉన్నారా, వారిలో మైనర్లు ఉన్నారా, భార్యాభర్తల ఉమ్మడి పేరున ఉంటే ఇద్దరికీ సమ్మతమేనా అన్నవి ఆ తర్వాత అడగవలసినవి. వేరొకరి తరఫున అధికారపత్రంతో అమ్ముతుంటే, ఆ అధికారం ఇచ్చిన వ్యక్తి ఇప్పటికీ జీవించి ఉన్నారో లేదో కనుక్కోవడం మరీ ముఖ్యం. ఇచ్చినవారు మరణిస్తే సాధారణంగా ఆ పత్రం చెల్లదు.

అప్పు సంగతీ అంతే. ఇల్లు తాకట్టులో ఉండడం తప్పేమీ కాదు, చాలామంది లోను మీద కొన్న ఇళ్లనే అమ్ముతుంటారు. అయితే ఎంత బాకీ మిగిలింది, వచ్చే ధరతో అది తీరుతుందా, అసలు దస్తావేజులు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి ఏజెంటుకు మొదటి రోజే తెలిసి ఉండాలి. పన్నులు, కరెంటు, నీటి బిల్లుల బకాయిలు కూడా అప్పుడే అడిగేస్తే సరిపోతుంది.

మేము చూసిన ప్రకటనలో “వెంటనే చేరవచ్చు” అని ఉంది. పై అంతస్తు గది చూడడానికి మెట్లెక్కితే, అక్కడ ఉంటున్న అద్దెదారు తలుపు దగ్గరే నిలబడి, ఇంకా గడువు తీరని తన అద్దె ఒప్పందం తెచ్చి చూపించారు. ఇల్లు అమ్ముతున్నారని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చాలాచోట్ల ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. కొన్నవారే కొత్త యజమానిగా దానికి కట్టుబడాలి. ఆయన ఇచ్చిన డిపాజిట్ ఎవరు తిరిగి ఇవ్వాలన్న తగవు దానికి అదనం. పైగా ఆ పై గది అనుమతి పొందిన ప్లానులోనే లేదు. ప్రకటనలోని విస్తీర్ణంలో మాత్రం దాన్ని కలిపి చూపించారు. అనుమతి లేని భాగాన్ని బ్యాంకు విలువ కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోకపోవచ్చు, అప్పుడు రావలసిన లోను తగ్గిపోతుంది. కాబట్టి “కట్టిన తర్వాత ఏమైనా మార్పులు చేశారా, వాటికి అనుమతి ఉందా” అన్న ప్రశ్న వేయని ఏజెంటు చెప్పే విస్తీర్ణాన్ని నమ్మి ధర మాట్లాడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంకొక సంగతి. పడకగదిలో ఒక్క గోడకు మాత్రమే కొత్త రంగు వేసి ఉండడం గమనించి, దాని పక్కనున్న బీరువాను కాస్త జరిపించాను. వెనకాల రంగు బొబ్బలెక్కి ఉంది, వేలితో తాకితే తెల్లటి ఉప్పులాంటి పొడి రాలింది. ఇటుకలోకి, ప్లాస్టరులోకి చేరిన నీరు లవణాలను కరిగించుకుని పైకి వచ్చి ఆరిపోతే, మిగిలేది ఆ పొడే. నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆపకుండా ఎన్నిసార్లు రంగు వేసినా అది మళ్లీ పైకి వస్తుంది. ఆ గోడకు అవతల స్నానాల గది ఉంది. ఎక్కడైనా కారుతోందా, ఎప్పుడు మొదలైంది, ఏం మరమ్మతు చేయించారు, వాటి రసీదులున్నాయా అని యజమానిని అడగడానికి ఏజెంటుకు పది నిమిషాలు పట్టదు.

ఎందుకు అడగరు? కమీషను అమ్మకం జరిగితేనే వస్తుంది. ఎక్కువ ప్రశ్నలు వేస్తే యజమాని మరో ఏజెంటు దగ్గరికి పోతారన్న భయం ఉంటుంది. దీనికంటే నన్ను కలవరపెట్టే కారణం మరొకటి ఉంది. తనకు తెలిసిన లోపాన్ని కొనేవారికి చెప్పవలసిన బాధ్యత ఏజెంటుకు ఉన్నచోట, అసలు తెలుసుకోకుండా ఉండడమే కొందరికి సౌకర్యంగా అనిపిస్తుంది. ఆ సౌకర్యానికి మూల్యం చెల్లించేది మనం.

ఏజెంట్లందరూ ఇలాగే ఉంటారనడం అన్యాయం. ఈ వెతుకులాటలోనే మరొకరు ఇల్లు చూపించక ముందే యజమాని జవాబులు రాసి సంతకం చేసిన కాగితం మా చేతికి ఇచ్చారు. పక్కింటివారితో ప్రహరీ గోడ విషయంలో ఉన్న గొడవ, ఎందుకు అమ్ముతున్నారన్నది, ఏ సామాను ఇంటితో పాటు ఉంటుంది, ఏది తీసుకుపోతారన్నది కూడా అందులో ఉన్నాయి. ఆ ఇల్లు మా కుటుంబానికి సరిపోక వదులుకున్నాం గానీ, ఆ ఏజెంటు మాట మీద నాకు నమ్మకం కుదిరింది.

కనుక ఇల్లు చూడడానికి వెళ్లే ముందే, “ఓనరును మీరు ఏమేం అడిగారు, ఆయన ఏం చెప్పారు?” అని ఏజెంటును సూటిగా అడగండి. జవాబులు యజమాని సంతకంతో రాతపూర్వకంగా కావాలనండి. “అన్నీ క్లియర్‌గా ఉన్నాయండీ” అన్న మాటతో సరిపెడితే అక్కడితో ఆగిపోండి. మేమిచ్చిన అడ్వాన్సును ఆ యజమాని తన పాత అప్పుకు కట్టేశారు, మొత్తం ఇంకా మా చేతికి రాలేదు. అందుచేత అడ్వాన్సును ఏజెంటు చేతికి నగదుగా ఇవ్వకుండా, బ్యాంకు ద్వారా, వీలైతే ఇరుపక్షాలూ ఒప్పుకున్న మూడో వ్యక్తి ఖాతాలో ఉంచేలా మాట్లాడుకోండి. వాటాదారులందరి సమ్మతి, అప్పు వివరాలు, అద్దెదారు ఒప్పందం ఫలానా తేదీలోగా చూపించలేకపోతే మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలన్న షరతును అగ్రిమెంటులో ఆ తేదీతో సహా రాయించి, ఆ తర్వాతే సంతకం చేయండి.