మూడేళ్ల డేటాబేస్ రిజర్వేషన్, నెలవారీ వాయిదాలు: వాడి చూశాక

వడ్డీ లేని వాయిదా అంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లోని ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు రిజర్వేషన్ (ఇన్నేళ్లు వాడతామని ముందే మాటిచ్చి తగ్గింపు పొందే పద్ధతి) తీసుకునేటప్పుడు, మొత్తం ఒకేసారి కట్టినా నెలనెలా కట్టినా ధర ఒకటేనని కనిపించింది. ఎక్కడో ఒక రుసుము దాక్కుని ఉంటుందని వెతికాను. లేదు! చెన్నై తరమణిలో మాలాంటి చిన్న కంపెనీకి ఇది మామూలు ఊరట కాదు. మూడేళ్ల డబ్బు, పైన 18 శాతం జీఎస్టీ, ఒక్క దెబ్బతో ఖాతాలోంచి పోదు. జీఎస్టీ క్రెడిట్ తర్వాత సర్దుబాటు అవుతుంది నిజమే, ఆలోగా జీతాలు ఎవరు ఇస్తారు?

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. ఒక పెద్ద ఖాతాదారు వెళ్లిపోయారు. ఎనిమిది వీకోర్ల (వర్చువల్ ప్రాసెసర్ కోర్ల) డేటాబేస్‌ను నాలుగుకు తగ్గించాం. వాయిదా మాత్రం ఎనిమిదికీ కట్టాలి. రిజర్వేషన్ వినియోగం సగానికి పడిపోయిన గ్రాఫును చూస్తుంటే కడుపు మండింది. అప్పుడు మా జూనియర్ అమ్మాయి, "సార్, ఇది డేటాబేస్ పేరు మీద కాదు కదా, వీకోర్ల మీద కదా" అంది. నిజమే. మా టెస్టింగ్ డేటాబేస్ అదే రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ప్రాంతంలో), అదే జనరల్ పర్పస్ (మామూలు వాడకపు) శ్రేణిలో, వేరే సబ్‌స్క్రిప్షన్‌లో (అజ్యూర్‌లో మాదే ఇంకో విడి ఖాతాలో) పూర్తి ధరకు నడుస్తోంది. రిజర్వేషన్ స్కోప్‌ను, అంటే తగ్గింపు వర్తించే పరిధిని, ఒక్క సబ్‌స్క్రిప్షన్ నుంచి షేర్డ్‌కు (మా సబ్‌స్క్రిప్షన్లన్నిటికీ) మార్చాం. పైసా ఖర్చు లేదు, సర్వర్‌ను ముట్టుకోలేదు. మిగిలిన నాలుగు వీకోర్లు వెళ్లి టెస్టింగ్‌కు అతుక్కున్నాయి, గ్రాఫు మళ్లీ పైకి లేచింది.

నెలవారీ అన్నారు కదా అని నచ్చనప్పుడు ఆపేయవచ్చనుకోకండి, అది మూడేళ్ల మాటే. రద్దు చేసుకోవచ్చు, కానీ పన్నెండు నెలల్లో 50,000 డాలర్ల వరకే వాపసు. వాడని గంట వాడనట్టే పోతుంది, మరునాటికి జమ కాదు. స్టోరేజీ బిల్లు దీనిలోకి రాదు. మా డేటాబేస్ పుణెలో ఉంది. రేపు చెన్నై రీజియన్‌కు తెచ్చుకుంటే రిజర్వేషన్ దానంతటది వెంట రాదు. "ధర ఒకటే" అన్నదీ డాలర్లలోనే. కొన్ని ఒప్పందాల్లో మారకపు రేటును బట్టి రూపాయల వాయిదా నెలనెలా మారుతుంది.

ఇదంతా చూసి అమెజాన్ వారి డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్ వాడేవారు నెలవారీకి పరుగెత్తవద్దు. అక్కడ ముందు ఎంత కడితే అంత తగ్గింపు. ముందు ఏమీ కట్టని పద్ధతి ఏడాది గడువుకే దొరుకుతుంది.

మా పని భారం రోజంతా ఒకేలా ఉంటుంది, అందుకే ఇది మాకు కుదిరింది. పండగ సీజన్లో మాత్రమే రద్దీ ఉండే వ్యాపారానికి ఇదే సలహా ఇవ్వలేను. చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయండి, మారకపు రేటు గొడవ ఉండదని మా ఆడిటర్ గారు అంటారు. మా ఖాతాలో డబ్బు ఊరికే ఉన్న నెల ఇంకా రాలేదు.