కొలంబైన్: కొన్నేళ్లు పెంచాక నా అంచనా

కొలంబైన్ అనే పూలమొక్కను నాటాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది దాని ఆయుష్షు గురించి. బహువార్షికమన్న పేరే గానీ, ఒక్కో మొక్క సాధారణంగా మూడు నాలుగేళ్లు పూసి, ఆ తర్వాత బలహీనపడి చనిపోతుంది. అయినా మా తోటలో ఇవి లేని వసంతం లేదంటే, అదంతా రాలిన గింజల పుణ్యమే.

పూత అయిపోయాక ఐదేసి కాయలు గుత్తిగా నిటారుగా నిలిచి, ఎండగానే పైకొసన నోరు తెరుస్తాయి. కాడను కాస్త తడితే నల్లగా నిగనిగలాడే గింజలు జలజలా రాలతాయి. మొలవడానికి వాటికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకుండా పైపైన చల్లి అదిమితే చాలు. చలికాలం సరిగా లేని చోట గింజలను తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి విత్తడం మేలు. మొదటి ఏడాది ఆకులే, పూలు రెండో ఏట. తల్లివేరు లోతుకు దిగుతుంది కనుక చిన్న మొలకగా ఉన్నప్పుడే చోటు మార్చాలి. గింజలు, వేళ్లు విషపూరితం కాబట్టి పిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త అవసరం.

రంగు విషయంలో మాత్రం దీన్ని నమ్మడానికి లేదు. రకాలన్నీ ఒకదానితో ఒకటి ఇట్టే సంకరమవుతాయి. నీలం, ఎరుపు పక్కపక్కన పెడితే రాలు గింజల మొక్కలు ఊదా, గులాబీ, వెలిసిన తెలుపు ఏదైనా పూయవచ్చు. నాకది సరదాగానే ఉంటుంది గానీ, ఒకే రంగు కావాలనుకునేవారు ఒకే రకం పెంచి, వేరే రంగు పూసిన మొక్కను వెంటనే పీకేయాలి.

నీరు నిలవని నేల, మధ్యాహ్నపు నీడ ఉంటే వేరే సేవలు పెద్దగా అడగదు. ఎరువు ఎక్కువైతే ఆకు గుబురెక్కి పూలు తగ్గుతాయి. పాముపొడ పురుగు ఆకుల లోపల తొలిచి తెల్లని వంకర గీతలు గీస్తుంది; చూడటానికి అసహ్యమే తప్ప మొక్క ప్రాణానికి ముప్పు లేదు, కాబట్టి నేను మందు కొట్టను. పూత ముగియగానే దుబ్బును నేలమట్టానికి కోసేస్తే కొద్ది వారాల్లో శుభ్రమైన చిగురు వస్తుంది. కోసిన ఆకులను మాత్రం తోటలో వదలకూడదు. గింజలు కావాలంటే రెండు మూడు కాడలు మిగల్చాలి.

పువ్వు వెనుక తోకల్లా సాగిన సన్నని గొట్టాల కొసల్లో మకరందం ఉంటుంది. నాలుక పొట్టిగా ఉన్న తుమ్మెదలు ముందునుంచి అందక, తోకకే కన్నం పెట్టి తాగేస్తాయి. మా పూలను వెనక్కి తిప్పి చూస్తే ఆ సన్నని రంధ్రాలు చాలావాటికి కనిపిస్తాయి.

రకాల్లో, 1955లో, కొత్త తోట రకాలను పరీక్షించే అమెరికా సంస్థ ఆల్ అమెరికా సెలెక్షన్స్ గుర్తింపు పొందిన మెక్‌కానా జెయింట్స్ పూలు పెద్దవి, తోకలు పొడవు. కానీ నా దగ్గర త్వరగా అలసిపోయేవి అవే. ముద్దపూల నోరా బార్లోకు తోకలుండవు కాబట్టి కొలంబైన్ అందం సగం పోయినట్టే నాకనిపిస్తుంది. ఉత్తర అమెరికా అడవుల ఎరుపు పసుపు పూల కెనడెన్సిస్ జాతికి పాముపొడ బెడద తక్కువ. ఒక్కటే నాటే చోటుంటే దాన్నే ఎంచుకుంటాను.