జాగ్రత్త: ‘ఫైన్ ఆర్ట్ న్యూడ్’ వర్క్‌షాపుకు 18,500 కట్టే ముందు ఇది చదవండి

నిన్న రాత్రి ఇంటికి చేరాను, నిద్ర పట్టలేదు. కోపం చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి మాట ఎక్కడైనా కటువుగా పడితే మన్నించండి. ఆ వర్క్‌షాపు నడిపిన ఫొటోగ్రఫీ మాస్టారు ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాస్తే చర్చంతా ఆయన అవార్డుల మీదకూ శిష్యగణం మీదకూ మళ్లి, జరిగిన విషయం పక్కకు పోతుంది, అందుకే రాయడం లేదు. హైదరాబాద్ శివార్లలో, మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో నగ్నచిత్రాలు తీయడం మీద రెండు రోజుల వర్క్‌షాపు, ఫీజు 18,500 రూపాయలు, ఆరుగురికే ప్రవేశం, మోడల్‌తో రాతపూర్వక ఒప్పందం, సెట్‌లోకి ఫోన్లు తేకూడదు. ప్రకటనలో ఉన్నది ఇదీ. వెళ్లేసరికి పద్నాలుగు మందిమి తేలాం. అప్పుడే వెనక్కి తిరగాల్సింది. రెండు పెళ్లి ఆర్డర్లు వదులుకుని విజయవాడ నుంచి వచ్చానన్న లెక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నవాడిని. పట్టుచీరల మీద, నగల మీద వెలుగును ఎలా అదుపు చేయాలో చేతికి వచ్చింది కానీ ఒట్టి చర్మం మీద వెలుగు ఎలా జారుతుందో, నీడ ఎక్కడ మొదలవుతుందో నాకు సరిగా తెలియదు. అది నేర్చుకుందామనే వెళ్లాను. ఈ మాట చెబితే మా ఆవిడ నమ్మింది, నా స్నేహితులు నమ్మలేదు. వారిలో ఎవరి అంచనా సరైనదో ఆ మాస్టారే తేల్చి చెప్పాడు, ఆ సంగతికి వస్తాను.

మొదటి రోజు ఉదయం గంటన్నరసేపు ఉపన్యాసం సాగింది. అంశం ‘నిర్లిప్తత’. కెమెరా చేతిలోకి వచ్చాక మన ఎదురుగా ఉన్నది స్త్రీ కాదని, అది కేవలం ఒక రూపమని, కొండలాగా, గవ్వలాగా, మిరపకాయలాగా చూడగలిగినవాడే కళాకారుడని ఆయన సెలవిచ్చాడు. నగ్నచిత్రాలతో పాటు గవ్వలనూ, క్యాప్సికం మిరపకాయలనూ తీసిన అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ పేరు ఎన్నిసార్లు తలిచాడో లెక్కపెట్టలేదు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా ప్రస్తావించి, నగ్నచిత్రం అయినంత మాత్రాన అశ్లీలం కాదని కోర్టే చెప్పింది కనుక ఎవరూ భయపడనక్కర్లేదని అభయమిచ్చాడు. నేను అమాయకంగా ఇదంతా నోటు పుస్తకంలో రాసుకున్నాను. ‘రూపం’ అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది.

మోడల్ దగ్గరకు వస్తాను. ఆమె వివరాలేవీ రాయను. వృత్తికి కొత్తది కాదు, ముంబైలో చిత్రకళా విద్యార్థుల ముందు కూర్చున్న అనుభవం ఉన్న మనిషి అని మేకప్ చేసే మేడమ్ చెప్పారు. నగ్నంగా ఫొటో తీయించుకోబోయే మనిషి కనీసం ఓ గంట ముందు నుంచి బిగుతైన బట్టలు మానేసి వదులుగా ఉండే గౌనులో ఉండాలి, లేకపోతే నడుము చుట్టూ, భుజాల మీద ఎలాస్టిక్ గుర్తులు ఎర్రగా ఉండిపోతాయి. ఈ పనిలో ఉన్నవారికి ఇది అక్షరాభ్యాసం లాంటిది. ఆమె ఆ గంట ముందుగానే అడిగిందట. మాస్టారి ఉపన్యాసం సాగిపోవడం వల్ల, అన్నాలు ఆలస్యం కావడం వల్ల, ఆమెను జీన్స్‌లోనే బయట కూర్చోబెట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా ‘రెడీ’ అని పిలిచారు. గది ఏసీ 18 మీద ఉంది. ఆయన జాకెట్ తొడుక్కున్నాడు, మేము ముగ్గురు నలుగురు స్వెటర్లలో ఉన్నాం. ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఏసీ తగ్గించమని ఆమె అడిగితే, లైట్ల వేడికి తనకు చెమట పడుతుందని, ఆ రోమాలు రీటచ్‌లో పోతాయని జవాబిచ్చాడు.

మెత్తటి వెలుగునిచ్చే ఒక పెద్ద సాఫ్ట్‌బాక్స్ దీపం ఎడమ నుంచి, వెనుక నల్లగుడ్డ, ఆమె మాకు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంది. వెలుగు నిజంగా బాగుంది, కాదనను. వెన్ను పొడవునా సన్నటి గీతలా నీడ దిగింది. నడుము దగ్గర మాత్రం జీన్స్ పట్టీ గుర్తు, వేలెడు వెడల్పున ఎర్రగా, కుట్టు అచ్చుతో సహా కనబడుతోంది. మాస్టారు ‘ఛ’ అన్నాడు. గుర్తు పోవడానికి పది నిమిషాలు ఆగుదామని గానీ, గుర్తు కనబడని కోణం నుంచి తీద్దామని గానీ అనలేదు. నేరుగా నడిచి వెళ్లి, ఒక్క మాటైనా అడగకుండా, బొటనవేలితో ఆమె నడుము మీద ఆ గుర్తును రుద్దడం మొదలుపెట్టాడు. బల్ల మీద టీ మరక తుడిచినట్టు రుద్దాడు. ఆమె ఒళ్లంతా ముందుకు ముడుచుకుపోయింది. తల తిప్పి, గొంతు పెంచకుండానే, “చెబితే నేను చూసుకుంటాను కదా సార్” అంది. ఆయన చెయ్యి తీయకుండానే మా వైపు తిరిగి, “చూశారా, ఇంకా సిగ్గు పోలేదు. ఈ సిగ్గు పోగొట్టడమే మన పని” అన్నాడు. పద్నాలుగు మందిలో కొందరు నవ్వారు. నేను నవ్వలేదని ఇక్కడ గొప్పగా రాసుకోవచ్చు, కానీ నేను చేసింది అంతకన్నా నయమేమీ కాదు. నా వేలు షటర్ మీద ఉంది, నొక్కేసింది. అలవాటు. పెళ్లిలో తాళి కట్టే క్షణం తప్పిపోకూడదని పదకొండేళ్లుగా మరిగిన వేలు.

అయిదు నిమిషాల తర్వాత టీ కోసం ఆపినప్పుడు, శాలువా కప్పుకోవడానికి ఆమెకు చాటు కూడా లేదు. మేకప్ మేడమ్ దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డారు. నేను మాస్టారి దగ్గరకు వెళ్లి, “సార్, అడిగి ముట్టుకుని ఉంటే బాగుండేది, అసలు ముట్టుకోకపోతే ఇంకా బాగుండేది” అన్నాను. ఇంత మర్యాదగా ఎందుకు అన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, అందరికీ వినబడేలా, “తమ్ముడూ, పద్దెనిమిది వేలు కట్టి వచ్చింది చూడ్డానికే కదా? చూసి వెళ్లు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌వి, నీకు ఇవన్నీ ఎందుకు?” అన్నాడు. ఉదయం గంటన్నరసేపు చెప్పిన నిర్లిప్తత అసలు రంగు ఆ ఒక్క వాక్యంలో బయటపడింది. ఆయన దృష్టిలో మేము పద్నాలుగు మందిమీ చూడ్డానికి టికెట్ కొన్నవాళ్లం, ఆమె ఆ టికెట్ మీద చూపించే వస్తువు, మధ్యలో కళ అనే మాట గుమ్మానికి కట్టిన మామిడితోరణం.

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌నే. గవర్నర్‌పేటలో మా బాబాయి స్టుడియోలో పని నేర్చుకున్నాను. పెళ్లికూతురికి నలుగు పెట్టి మంగళస్నానం చేయించేటప్పుడు ఫొటోలు తీయాలి. తడిసిన చీర, చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో కెమెరాతో ఒక మగవాడు. గుమ్మం దగ్గర ఆగి, లోపల పెద్దావిడ ఎవరైనా ఉన్నారా అని అడిగి, రమ్మన్నాకనే వెళ్లాలని, పసుపు చేతులు, చెంబు, నవ్వే ముఖం ఇవే ఫ్రేములో ఉండాలని, పైట సర్దాల్సి వస్తే వాళ్ల అక్కనో పిన్నినో పిలవాలే గానీ మన చెయ్యి కెమెరాను వదలకూడదని ఆయన నాకు మొదటి సీజన్‌లోనే చెప్పాడు. గడ్డం కొంచెం దించాలంటే తన గడ్డం తాను దించి చూపించేవాడు. ఎదురుగా ఉన్నది మనిషి కాదని మా బాబాయి ఒక్కనాడూ అనలేదు. పైగా, ఆ పిల్ల పొద్దున్నించీ ఉపవాసం ఉంది, త్వరగా కానివ్వండి అని గుర్తుచేసేవాడు. రూపాయి కట్టకుండా నేర్చుకున్న పాఠాన్ని ఎవరో తలకిందులు చేసి చూపిస్తే, దానికి 18,500 కట్టాను. నా తెలివితేటలకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ వెస్టన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మాస్టారు ఆయన్ని అడ్డం పెట్టుకున్నాడు. 1936లో వెస్టన్ తీసిన ప్రసిద్ధ నగ్నచిత్రంలో కారిస్ విల్సన్ గుమ్మంలో కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసి, తల దించుకుని ఉంటుంది, ముఖం కనబడదు. ఆమె కుడిచేతి మీద పడిన నీడ వెస్టన్‌కు ఎప్పటికీ నచ్చలేదని, వంకరగా తీసిన తన పాపిడి, జుట్టులో కనబడే పిన్నులు తనకు నచ్చలేదని విల్సన్ తర్వాత రాసింది. వాళ్లిద్దరూ ప్రేమలో ఉన్నవాళ్లు, 1939లో పెళ్లి కూడా చేసుకున్నారు, కాబట్టి ఆయన నిర్లిప్తుడని నేను అనను. కానీ ఆ చిత్రం గురించి చెప్పడానికి ఆమెకు ఒక అభిప్రాయం ఉంది, పాపిడి గురించైనా సరే. మా సెట్‌లో మోడల్ తన అభిప్రాయం నోరు తెరిచి చెబితే దానికి సిగ్గు అని పేరు పెట్టారు. మనిషిని మిరపకాయగా చూడమంటే ఇదే జరుగుతుంది: మిరపకాయకు చలి వేయదు, మిరపకాయను ముట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు. పక్కన పెట్టాల్సింది మన కోరికను, మన నోటిని, మన చేతిని. ఆయన పక్కన పెట్టింది ఆమెను.

సుప్రీంకోర్టు తీర్పు సంగతీ అంతే. అవీక్ సర్కార్ కేసు అది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయన పెళ్లాడబోయే బార్బరా ఫెల్టస్ కలిసి నగ్నంగా ఉన్న ఫొటోను 1993లో ఇక్కడి పత్రికలు తిరిగి ప్రచురించినందుకు నడిచిన కేసు. ఆ ఫొటో తీసింది స్వయంగా బార్బరా తండ్రి అని తీర్పులోనే ఉంది. ఫొటో అశ్లీలమా కాదా అన్నది సమకాలీన సమాజ ప్రమాణాలతో, దాని సందర్భాన్ని బట్టి చూడాలని కోర్టు చెప్పింది. ఫొటో తీసేవాడి బొటనవేలికి ఆ తీర్పులో ఏ రక్షణా లేదు. పైగా, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఒకటుంది. ఫొటో తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే అవుతుంది. ఇది తెలిశాకే రెండో రోజు ఉదయం ఒప్పందం కాగితం చూపించమని అడిగాను. ఇచ్చింది ఒక జిరాక్స్ కాపీ. సంతకం ఉంది. ఫొటోలు ఎవరు, ఎక్కడ, ఎందుకు వాడుకోవచ్చో రాయాల్సిన చోట ఖాళీ. పద్నాలుగు మంది మెమరీ కార్డులలో ఆమె ఫొటోలు ఉన్నాయి, ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వారు పూరించుకోవచ్చు. ఆ పూటే బయలుదేరి వచ్చేశాను.

డబ్బు వాపసు అడిగితే, ‘మధ్యలో వెళ్లిపోయినవారికి వాపసు ఉండదు, కావాలంటే వచ్చే బ్యాచ్‌లో 20 శాతం తగ్గిస్తాం’ అని ఆయన అసిస్టెంట్ జవాబు పంపాడు. ఆరుగురన్నచోట పద్నాలుగు మందిని కూర్చోబెట్టినందుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా అక్కడ నమోదు చేసుకుంటారు. ఆమెపై చెయ్యి వేసిన విషయంలో ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఆమె తరఫున ఎవరూ ఉత్సాహపడవద్దు, వివరాల కోసం నన్ను అడగవద్దు.

ఇలాంటి వర్క్‌షాపుకు వెళ్లాలనుకునేవారు డబ్బు కట్టే ముందు పూర్తిగా నింపిన ఒప్పందం చూపించమని అడగండి, మోడల్‌ను ముట్టుకునే విషయంలో నియమం ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి, బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉందో లేదో కనుక్కోండి. చెప్పినదానికన్నా ఎక్కువమంది ఉన్నారని కనబడితే కూర్చోకండి. నాలాగా లెక్కలు వేసుకోకండి.

ఆ ఒక్క ఫ్రేము సంగతి మిగిలింది. మిగతావన్నీ చెరిపేశాను, వెన్ను మీద ఆ అందమైన నీడతో సహా. ఇందులో మాత్రం ఆయన బొటనవేలు, సగం తిరిగిన ఆమె ముఖం, వెనుక నవ్వుతున్న ఇద్దరు స్పష్టంగా ఉన్నారు. నా బతుకులో నేను తీసిన వాటిలో ఇంత పదునుగా ఫోకస్ కుదిరినవి తక్కువ. చెరిపేయాలా, ఉంచాలా, ఆమెకు పంపాలా అని మేకప్ మేడమ్ ద్వారా అడిగించాను. ఇవాళ మధ్యాహ్నం జవాబు వచ్చింది: “చెరపవద్దనండి. పంపవద్దనండి. కావాలంటే నేనే అడుగుతాను.” కెమెరాలోంచి కార్డు తీసి ఒక కవరులో పెట్టి, దాని మీద తేదీ మాత్రం రాసి, బీరువాలో పెట్టాను. శుక్రవారం గుంటూరులో పెళ్లి ఉంది, కొత్త కార్డు కొనాలి.