ఆరేళ్లుగా మా ఇంట్లో స్టీమ్ జ్యూసర్: ప్రభు బల్లకు పులియని ద్రాక్షారసం

నల్గొండలో మా చర్చికి ప్రతి నెల మొదటి ఆదివారం ప్రభు బల్లకు, అంటే యేసు ప్రభువును తలచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారానికి, కావలసిన రసం చేసిచ్చే పని 12 ఏళ్లుగా మా ఇంటిదే. అందులో మొదటి ఆరేళ్లు చేత్తో పిండాను, తర్వాతి ఆరేళ్లు స్టీలు స్టీమ్ జ్యూసర్ వాడాను. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అంతకు ముందు పెద్ద అల్యూమినియం డేక్షాలో ద్రాక్ష ఉడికించి, పాత పంచెలో మూటగట్టి పిండేదాన్ని. పులుపు తగిలి డేక్షా పాడయ్యేది, రసానికి ఏదో లోహపు రుచి వచ్చేది. అంతకన్నా పెద్ద బాధ రసం పులిసిపోవడం. ఒక ఆదివారం, తాగుడు మానేసి ఏడాది కూడా నిండని ఒక అన్న కప్పు నోటిదాకా తీసుకెళ్లి, వాసన చూసి, మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. ఉడికించినప్పుడు రసాన్ని పులియబెట్టే ఈస్టు చచ్చినా, పంచె నుంచి, చేతుల నుంచి, సీసా నుంచి మళ్లీ చేరుతుంది. నేను రసాన్ని చల్లార్చి పోసేదాన్ని. ఇక పులవక ఏం చేస్తుంది? 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే దంతాల డాక్టరు తన చర్చి బల్ల కోసమే ద్రాక్షరసాన్ని సీసాల్లో వేడి చేసి పులవకుండా నిలవ పెట్టాడు. జ్యూసర్‌తో నేను చేస్తున్నదీ దాదాపు అదే.

ఇందులో మూడు గిన్నెలుంటాయి. అడుగు దాంట్లో నీళ్లు. మధ్య గిన్నె నడుమ ఒక గొట్టం నిలబడి ఉంటుంది, ఆవిరి అందులోంచి పైకి పోతుంది. పైన చిల్లుల గిన్నెలో ద్రాక్ష. ఆవిరికి పండు మెత్తబడి, రసం మధ్య గిన్నెలోకి కారుతుంది. అక్కడి నుంచి సన్నని పైపు, దానికి ఒక క్లిప్పు. నలపక్కర్లేదు, గింజ తీయక్కర్లేదు, చెయ్యి తగలదు. 5 కిలోల బెంగుళూరు బ్లూ ద్రాక్షకు గంటంబావులో నాకు 3 లీటర్లు వస్తుంది. గింజలేని తెల్ల ద్రాక్షతోనూ చేసి చూశాను. తీపి ఉంది గాని రంగు లేదు, ఆ గుబాళింపు లేదు.

మొదట వచ్చే చెంబెడు రసం అంత వేడిగా ఉండదు. దాన్ని మళ్లీ పైన ద్రాక్ష మీద పోసేస్తాను. చివర్లో వచ్చేది నీళ్లగా ఉంటుంది కాబట్టి అంతా ఒక స్టీలు గిన్నెలో కలిపి, థర్మామీటరు పెట్టి, 85 డిగ్రీలు దాటాక వేడినీళ్లలో ఉంచిన గాజు సీసాల్లో నిండా పోసి మూత బిగిస్తాను. చల్లటి సీసాలో పోస్తే పగులుతుంది, నాకు రెండు పగిలాయి.

ఇక ఇబ్బందులు. మా బోరు నీళ్ల సంగతి జిల్లాలో అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ గాని ఉప్పు గాని ఆవిరితో పైకి రావు కాబట్టి రసానికి భయం లేదు, కానీ అడుగు గిన్నెకు తెల్లటి పెంకు కడుతుంది. నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తే ఊడుతుంది. ఇప్పుడు మిషన్ భగీరథ పథకం కింద వచ్చే నల్లా నీళ్లే పోస్తున్నాను, పెంకు బాగా తగ్గింది. రెండో ఏడు ఫోన్ మాట్లాడుతూ చూసుకోలేదు, నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె అడుగు మాడి నీలంగా మారింది. అప్పటి నుంచి మా అమ్మ ఇడ్లీ పాత్రలో వేసినట్టు ఒక రూపాయి బిళ్ల వేస్తున్నాను. నీళ్లున్నంతసేపు టకటకమంటుంది, చప్పుడు ఆగితే పరిగెత్తుకు వస్తాను.

అన్నిటికన్నా బలహీనమైనది పైపే. మూడేళ్లకు గట్టిపడి, చివర్న చీలి, మరిగే రసం నా పాదం మీద పడింది. అమ్మినవాళ్లను అడిగితే విడిగా దొరకదన్నారు. ఆహారానికి పనికొచ్చే సిలికాన్ పైపు అదే సైజుది కొని వేశాను, ఇప్పటికీ బాగుంది. కొనేటప్పుడే ఒక మీటరు ఎక్కువ కొని పెట్టుకోండి. అల్యూమినియంవి తక్కువ ధరకు వస్తాయి, వాటి జోలికి వెళ్లకండి.

రుచిలో ఉడికిన వాసన కొంచెం ఉంటుంది, దాన్ని పోగొట్టడం నా వల్ల కాలేదు. ఫ్రిజ్‌లో పెట్టిన సీసాల అడుగున గాజుపొడి లాంటి పలుకులు కూడా చేరతాయి. మొదటిసారి చూసి సీసా పగిలిందనుకుని మా సంఘ పెద్ద ఒకరు చాలా టెన్షన్ పడ్డారు. అది ద్రాక్షలోని పులుపే, టార్టారిక్ ఆమ్లం తాలూకు లవణం, చల్లదనానికి గడ్డ కడుతుంది. సీసా కదపకుండా పై రసం వంచుకుంటే చాలు.

మా సంఘంలో 120 మంది. ఏడాదికి 18 లీటర్లు సరిపోతుంది, ఫిబ్రవరి, మార్చిలో ద్రాక్ష చవకగా ఉన్నప్పుడు రెండు శనివారాల్లో పనైపోతుంది. ఇంట్లో నలుగురు తాగడానికైతే ఇంత సామాను అనవసరం. రెండు కిలోలు స్టీలు గిన్నెలో ఉడికించి వడకట్టుకోవచ్చు.

మొన్న ఆదివారానికి మార్చిలో పోసిన సీసా తీశాను. మూత నడుమ లోపలికి గుంటపడి ఉంది. తిప్పితే టప్పుమని గాలి లోపలికే పోయింది, నురగ లేదు, పులిసిన వాసన లేదు. ఆ అన్న మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.