పదేళ్ళ వారంటీ అన్నారు, తొలి గాలివానకే ఇల్లు ఉరిసింది: డాబాకు తెల్లరంగు వేయించేవాళ్ళు చదవండి

మార్చి వచ్చిందంటే హైదరాబాద్ శివారు కాలనీల్లో గేట్లకు కరపత్రాలు వేలాడతాయి. "డాబాకు కూల్ రూఫ్, వాటర్ ప్రూఫింగ్ రెండూ ఒకే కోటులో. ఇంట్లో పది డిగ్రీలు చల్లదనం. పదేళ్ళ వారంటీ. ఉగాది ఆఫర్: పెరట్లో లాన్, మామిడి అంటు ఉచితం." బోడుప్పల్ వైపున్న మా వీధిలో ఇలాంటి కాగితం చూసి పని చేయించుకున్న ఇళ్ళలో మాదీ ఒకటి. ఆ కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. అయినా పేరు తెలిసి లాభం లేదు. ఒకే పద్ధతిలో తిరిగే బ్యాచ్‌లు చాలా ఉన్నాయి, బోర్డు ఏటా మారిపోతుంది. పద్ధతి తెలిస్తే చాలు.

మా స్లాబ్ పదకొండు వందల చదరపు అడుగులు. అడుగుకు 26 రూపాయలు చెప్పాడు, అంటే 28,600. పెరటి పని మట్టితో సహా ఇంకో 14,000. మామూలుగా చెప్పే రేటు కన్నా ఇది మరీ తక్కువేం కాదు, అందుకే అనుమానం రాదు. సగానికి పైగా అడ్వాన్సు, మిగతాది పని అయిన సాయంత్రమే ఇచ్చేయాలి. బిల్లు అడిగితే, "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ ఎక్స్‌ట్రా పడుతుంది సార్, మీ ఇష్టం. వారంటీ కార్డు ఉంది కదా, బిల్లుతో పనేముంది?" అన్నాడు. ఈ మాట ఎవరి నోట విన్నా అక్కడితో మాటలు ఆపేయండి. పనంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంటుంది.

పొద్దున తొమ్మిదింటికి ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. చీపుళ్ళతో ఊడ్చారు, పైపుతో నీళ్ళు కొట్టారు. పాచి పట్టిన చోట వైర్ బ్రష్ ఆడించింది లేదు. పగుళ్ళ మీద ఏదో తెల్ల ముద్ద వేలితో రుద్దారు. మధ్యాహ్నం ఒంటిగంటకు, కాళ్ళు పెట్టలేనంత కాలుతున్న స్లాబ్ మీద మొదటి కోటు, టీ తాగి వచ్చి రెండో కోటు. సాయంత్రం అయిదింటికి డాబా మల్లెపూవులా మెరిసిపోతోంది. ఫొటోలు తీసుకుని, డబ్బు తీసుకుని, రంగురంగుల వారంటీ కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అమ్మ కూడా పైకెక్కి చూసి సంతోషించింది.

ఏప్రిల్‌లో ఓ సాయంత్రం గాలివాన వచ్చింది. గంటసేపు కూడా లేదు. మర్నాటికి హాలు సీలింగ్ మీద మూడు చోట్ల చెమ్మ, బెడ్‌రూమ్ మూలలో సన్నటి ధార. పైకెళ్ళి చూస్తే పిట్టగోడ పొడవునా రంగు పొక్కులు లేచింది. గోటితో లాగితే పెద్ద పెద్ద పెచ్చులుగా వచ్చేసింది. కింద పాచి పాచిలాగే ఉంది. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే.

ఫోన్ చేస్తే మొదట "అది ఏసీ నీళ్ళు అయి ఉంటాయి సార్" అన్నాడు. ఏసీ ఉన్నది ఆ గదిలో కాదు. తర్వాత "ట్యాంకు పైపు లీకేజీ ఉందేమో చూపించండి". ప్లంబర్‌ను పిలిచి చూపించాం, పైపు బాగానే ఉంది. ఆ తర్వాత "వర్షాలు తగ్గాక వచ్చి టచప్ చేస్తా, టెన్షన్ పడకండి". చివరికి కార్డు వెనక సన్న అక్షరాలు చదవమన్నాడు: స్లాబ్‌లో కొత్తగా వచ్చే పగుళ్ళకు, "నిర్మాణ లోపాలకు" వారంటీ వర్తించదట. డాబా ఉరిసేది పగుళ్ళ నుంచే కదా, ఇంక వర్తించేది దేనికి? కార్డు మీద లోగో ఉన్న కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే, ఆ మనిషి మా దగ్గర రిజిస్టర్ అయిన అప్లికేటర్ (పూత వేసే కాంట్రాక్టర్) కాదు, ఆ కార్డు మేము ఇచ్చింది కాదు అన్నారు. ఎక్కడో కలర్ ప్రింట్ తీయించి లామినేషన్ చేయించిందన్నమాట.

ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పాలి. ఎండకు వేసే తెల్లరంగు (కూల్ రూఫ్) వేరు, వాన నీటిని ఆపే పూత (వాటర్ ప్రూఫింగ్) వేరు. ఎండను తిప్పికొట్టడానికి తెలుపు చాలు. మన పెద్దవాళ్ళు ఎండాకాలం ముందు డాబా మీద సున్నం కొట్టించింది అందుకే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకూ కూల్ రూఫ్ తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిదే. మనలాంటి నూట యాభై గజాల ఇళ్ళకు ఆ నిబంధన లేదు, అయినా కరపత్రాల వాళ్ళు "గవర్నమెంట్ రూల్ వచ్చింది సార్" అంటూ దాన్నే వాడుకుంటున్నారు. చల్లదనం విషయంలో కూడా పది డిగ్రీలనేది స్లాబ్ పైభాగానికైతే నమ్మవచ్చు. గదిలో తగ్గేది కొద్ది డిగ్రీలే. అది కూడా దుమ్ము పట్టకుండా డాబా కడుక్కుంటూ ఉంటేనే.

వాన నీటిని ఆపాలంటే తెలుపు ఒక్కటే సరిపోదు, మందం కావాలి. స్లాబ్ పగలు వేడికి సాగుతుంది, రాత్రి కుంచించుకుంటుంది. ఆ కదలికకు తెగిపోకుండా రబ్బరులా సాగే పొర ఉండాలి. పల్చటి పొర సాగదు, చీలుతుంది. మందం రావాలంటే సరుకు పడాలి. మోసమంతా ఉన్నది ఇక్కడే, అందుకే కాస్త లెక్క చెబుతాను.

వాటర్ ప్రూఫింగ్ కోటింగ్ డబ్బా మీద కవరేజీ ఎంతో రాసి ఉంటుంది. చాలావాటికి రెండు కోట్లు కలిపి లీటరుకు ఇరవై, పాతిక చదరపు అడుగులు వస్తుంది. గరుకు స్లాబ్ అయితే ఇంకా తగ్గుతుంది. అంటే మా పదకొండు వందల అడుగులకు 44 నుంచి 55 లీటర్లు పడాలి. ఇరవై లీటర్ల డబ్బాలు మూడు రావాలి. మా ఇంటికి వచ్చినవి రెండు, అందులో ఒకదానికి సీలు ముందే తీసి ఉంది. కుర్రాళ్ళు వెళ్ళేటప్పుడు సగం డబ్బా వెనక్కి కూడా తీసుకెళ్ళారు! మరి డాబా అంతా తెల్లగా ఎలా అయ్యింది? నీళ్ళతో. ప్రైమర్ కోటుకు నీళ్ళు కలపడం మామూలే, కొన్నిటికి సగానికి సగం కలపమనే కంపెనీ చెబుతుంది. తర్వాతి కోట్లకు మాత్రం అలా కలపకూడదు. వీళ్ళు అన్నిటికీ ఒకే బకెట్‌లో కలిపి కొట్టారు.

కాబట్టి అడుగు రేటు గురించి బేరం ఆడకండి. "మా డాబాకు మొత్తం ఎన్ని లీటర్లు పోస్తావు?" అని అడగండి. ఈ ప్రశ్నకు మాట తడబడితే అక్కడే అర్థమైపోతుంది. వీలైతే సరుకు మీరే డీలర్ దగ్గర మీ పేరున బిల్లుతో కొనండి, కూలీ మాత్రం వాళ్ళతో మాట్లాడుకోండి. సీలు మీ ఎదురుగా తీయించండి, బ్యాచ్ నంబరు ఫొటో తీసుకోండి. ఖాళీ డబ్బాలు మాత్రం వాళ్ళకు ఇవ్వకండి. పేరున్న కంపెనీ ఖాళీ డబ్బా చవక రంగు నింపుకోవడానికి పనికొస్తుంది. పెయింటర్ల కోసం డబ్బాలో పెట్టే టోకెన్ మాత్రం వాళ్ళకే వదిలేయండి, అది వాళ్ళ హక్కు, దాని దగ్గర గొడవెందుకు.

తర్వాత మా పక్క వీధి మేస్త్రి వచ్చి చూశాడు. రంగు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేరుగా మూలలకు వెళ్ళాడు. "సార్, నీళ్ళు ఎక్కువగా స్లాబ్ మధ్యలోంచి దిగవు. పిట్టగోడ స్లాబును తాకే చోట, వాన గొట్టం నోటి దగ్గర, ఇదిగో ఈ చువ్వల దగ్గర దిగుతాయి" అన్నాడు. రేపెప్పుడో పైన ఇంకో అంతస్తు వేద్దామని మనలో చాలామంది పిల్లర్ చువ్వలు పైకి వదిలేస్తాం కదా. ఆ చువ్వ మొదట్లో సందు ఉంటే వాన నీరు దాన్నే పట్టుకుని పిల్లర్ లోపలికి దిగుతుంది. చువ్వ తుప్పు పడితే ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. మా కాంట్రాక్టర్ చువ్వల చుట్టూ చక్కగా తెల్లరంగు పూసి పోయాడు.

మేస్త్రి చేసిన పని వేరు. ఊడిపోయే రంగంతా గీకించాడు. పగుళ్ళను కట్టర్‌తో వి ఆకారంలో వెడల్పు చేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాడు. పిట్టగోడ మూల పొడవునా నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా సిమెంటు తీర్చి, దాని మీద ఫైబర్ మెష్ పరిచి పూత వేయించాడు. చువ్వల చుట్టూ చిన్న దిమ్మెలు కట్టాడు. సిమెంటు పని ఆరడానికే చాలా రోజులు ఆగాం. పూత తెల్లవారుజామునా, సాయంత్రం చల్లబడ్డాకా మాత్రమే వేయించాడు. కాలే స్లాబ్ మీద వేస్తే పైన చటుక్కున ఆరిపోయి లోపల పట్టదట, పొక్కులు లేచేది అందుకేనట. డబ్బు మొదటిదాని కన్నా ఎక్కువే అయ్యింది. పూత పూర్తిగా ఆరాక వాన గొట్టాలు మూసి, డాబా మీద రెండంగుళాల నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచాడు. కింద చెమ్మ రాలేదు. ఆ తర్వాతే చివరి డబ్బు తీసుకున్నాడు.

ఈ నీళ్ళు కట్టే పరీక్ష లేకుండా ఎవరికీ పూర్తి డబ్బు ఇవ్వకండి. కనీసం పాతిక శాతం దాని తర్వాతే అని ముందే కాగితం మీద రాయించండి. నిజంగా పని తెలిసినవాడు దీనికి అభ్యంతరం చెప్పడు.

పెరటి సంగతి క్లుప్తంగా చెబుతాను, కడుపు మంట ఎక్కువ కాబట్టి. ఎర్రమట్టి అని ట్రాక్టర్ దింపారు. పైన జానెడు ఎర్రమట్టి, కింద ఎక్కడో కూల్చిన ఇంటి ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు. ఆ మట్టిని ఇంటి గోడకు ఆనించి పునాది బెల్టు పైదాకా పోసేశారు. అలా పోస్తే మట్టిలో చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, లోపలి రంగు ఉబ్బుతుంది. మేమే పారలు పట్టుకుని వెనక్కి లాగాం. లాన్ గడ్డిని వేపచెట్టు నీడలో పరిచారు, ఎండ తగలక చచ్చిపోయింది.

అన్నిటికన్నా దారుణం "ఉచిత" బంగినపల్లి అంటు. కాండానికి ప్లాస్టిక్ టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే కింద నున్నగా, ఎక్కడా అతుకు లేదు. మట్టి కదిలిస్తే మొదట్లో టెంక కనిపించింది. టెంక నుంచి మొలిచిన మొక్కకు టేపు చుట్టి అంటు అన్నారు. నిజమైన అంటుకు మట్టికి కాస్త పైన ఏటవాలు మచ్చ, చిన్న ఉబ్బు ఉంటాయి, కింది బెరడు, పై బెరడు కూడా కాస్త తేడాగా ఉంటాయి. అంటు మూడు నాలుగేళ్ళలో కాపుకొస్తుంది. టెంక మొక్క చాలా ఏళ్ళు తీసుకుంటుంది, పైగా బంగినపల్లే కాస్తుందన్న నమ్మకం లేదు. మొక్క కావాలంటే కడియం నర్సరీల సరుకో, హార్టికల్చర్ వాళ్ళ నర్సరీ సరుకో చూసి, టేపు విప్పించి కొనండి. అసలు మార్చిలో నాటడమెందుకు? బోర్లు ఎండి ట్యాంకర్లు పిలిచే రోజుల్లో మొక్కకు నీళ్ళు ఎక్కడ పోస్తాం? తొలకరి పడ్డాక నాటుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించింది అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కాంట్రాక్టర్ ఆఫీసు ఎక్కడున్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. బిల్లు లేకపోయినా దిగులు పడకండి. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపుల వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, కరపత్రం, వారంటీ కార్డు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు అన్నీ పనికొస్తాయి. అయితే మరమ్మతు చేయించే ముందే చెమ్మను, లేచిన పెచ్చులను తేదీ పడేలా ఫొటోలు తీసి, కాంట్రాక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. లేకపోతే ఆ తర్వాత మీరే చెడగొట్టుకున్నారంటాడు.

మా వీధిలో ఇదే బ్యాచ్ చేత పని చేయించుకున్న ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు కూడా ఫిర్యాదులు తయారుచేస్తున్నారు. మీ దగ్గరకు ఇలాంటి కార్డు వచ్చి ఉంటే కింద ఫొటో పెట్టండి, ఫోన్ నంబరు మాత్రం చెరిపేయండి. మా కేసు ఏమైందో ఇదే పోస్టు కింద రాస్తాను.