మాంచెస్టర్: స్టేడియం కన్నా ముందు చూడవలసినవి

మాంచెస్టర్‌లో దిగగానే చాలామంది ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం దారి పడతారు. నన్నడిగితే మొదటి రోజు పత్తికే ఇవ్వాలి. ఊరికి సంపద తెచ్చింది నూలు మిల్లులే. వాటి జాడ పట్టుకుని తిరిగితేనే ఈ ఊరు అర్థమవుతుంది.

అన్నిటిలోకీ నన్ను కట్టిపడేసింది డీన్స్‌గేట్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీ. బట్టల వ్యాపారంలో అపారంగా గడించిన భర్త జ్ఞాపకార్థం ఎన్రికేటా రైలాండ్స్ కట్టించిన ఈ భవనాన్ని 1900 జనవరి 1న ప్రజలకు తెరిచారు. వీధి రొద, మిల్లుల పొగ తగలకుండా చదువుకునే హాలును పై అంతస్తులో ఎత్తుగా కట్టారు. గ్యాసు దీపాల మసి పుస్తకాలకు పట్టకుండా మొదటి నుంచే విద్యుత్ దీపాలు పెట్టారు. పుస్తకాల మీద ఆమెకున్న శ్రద్ధ అడుగడుగునా తెలుస్తుంది. యోహాను సువార్త ప్రతుల్లో అతి ప్రాచీనమైనదిగా చెప్పే పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఇక్కడే ఉంది. ప్రవేశం ఉచితం. కనీసం గంటన్నర ఉంచుకోండి.

సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం కూడా ఉచితమే. 1830లో లివర్‌పూల్‌కు రైళ్లు మొదలైన స్టేషన్ ఈ ఆవరణలోనే ఉంది. పాత నూలు యంత్రాలను నడిపి చూపించే వేళలు ముందే అడిగి తెలుసుకోండి. ఆ చప్పుడు విన్నాక, రోజంతా దాని మధ్య నిలబడి పనిచేసిన ఆడవాళ్ల, పిల్లల బతుకు ఊహకు అందుతుంది. మరమ్మతుల వల్ల కొన్ని భాగాలు మూసి ఉండవచ్చు.

కెథీడ్రల్ పక్కన 2019లో నిలిపిన గాంధీ కంచు విగ్రహం ఉంది. 1931లో ఆయన ఈ నూలు మిల్లుల ప్రాంతమైన లాంకషైర్‌కు వచ్చి, విదేశీ వస్త్ర బహిష్కరణతో దెబ్బతిన్న మిల్లు కార్మికులనే నేరుగా కలుసుకున్నారు. ఆ సంగతి తెలిసి నిలబడితే గుండె బరువెక్కుతుంది.

ఊరి బయట, స్టయల్‌లో ఉన్న క్వారీ బ్యాంక్ మిల్లుకు టికెట్టు ఉంది, అయినా వెళ్లవలసిందే. 1784 నాటి ఈ మిల్లులో పనిచేసిన పిల్లలు ఉన్న ఇల్లు కూడా చూపిస్తారు.

బసకు పోర్ట్‌ల్యాండ్ స్ట్రీట్ చుట్టుపక్కల అనుకూలం. పాత బట్టల గోదాములే అక్కడ హోటళ్లయ్యాయి. కొన్ని గదులకు కిటికీలు ఉండవు, బుక్ చేసేటప్పుడే అడగాలి. మ్యాచ్‌లున్న రోజుల్లో అద్దెలు బాగా పెరుగుతాయి. ట్రామ్‌కు బ్యాంకు కార్డు చాలు. ఎక్కే ముందు ఒకసారి, దిగాక మరోసారి స్టాపులోని యంత్రానికి తాకించాలి. రెండోది మరిచిపోతే ఛార్జీ ఎక్కువ పడుతుంది.